బంగారం, భూమి కదలికలు, హిమానీనదాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

అలాస్కా బంగారం వేట వీడియోలు చూసి కొందరు, కోలార్ గురించి విని కొందరు, వాట్సాప్‌లో ఏదో వస్తే కంగారుపడి ఇంకొందరు అడిగే ప్రశ్నలివి. ఒకచోట పెడితే ప్రతిసారీ మళ్ళీ రాసే పని తప్పుతుంది కదా అని ఈ పేజీ. వరసగా చదవక్కర్లేదు, మీకు కావలసిన దగ్గరికి నేరుగా వెళ్ళిపోండి.

అసలు హిమానీనదాలు బంగారాన్ని తయారుచేస్తాయా?

చెయ్యవు. హిమానీనదం, అంటే గ్లేసియర్, కొండల మీంచి నెమ్మదిగా జారే మంచు నది. ఎంత పెద్ద గ్లేసియర్ అయినా ఒక్క గ్రాము బంగారాన్ని కూడా పుట్టించలేదు. కొండని గీకుతుంది, గీకినదాన్ని మోసుకెళ్తుంది, కరిగినచోట పడేస్తుంది, అంతే దాని పని. బంగారం అంతకు చాలా ముందే, కోట్ల ఏళ్ళ క్రితమే, భూమి లోపలి వేడికీ ఒత్తిడికీ కదిలి రాతి పగుళ్ళలో చేరి ఉంటుంది. నన్నడిగితే గ్లేసియర్ వల్ల బంగారానికి మేలు కంటే చెరుపే ఎక్కువ జరిగింది. కుదురుగా ఒకచోట ఉన్నదాన్ని తీసుకెళ్ళి వందల కిలోమీటర్ల మేర చల్లేసింది. కొన్నిచోట్ల మాత్రం పైన మట్టి కప్పి కాపాడింది, ఇంకొన్నిచోట్ల నీళ్ళకి పని సులువు చేసింది. వాటి సంగతి కింద చెప్తాను.

మరి బంగారం మొదట ఎక్కణ్ణుంచి వచ్చింది?

భూమి మీద జరిగే ఏ పనీ బంగారు పరమాణువుని తయారుచెయ్యలేదు. న్యూట్రాన్ నక్షత్రాలు, అంటే చచ్చిపోయిన పెద్ద నక్షత్రాల్లో మిగిలే గట్టి ముద్దలు, ఒకదాన్నొకటి ఢీకొన్నప్పుడు ఇలాంటి బరువైన మూలకాలు పుడతాయని 2017 ఆగస్టులో అలాంటి ఒక ఢీని టెలిస్కోపులు చూసినప్పుడు గట్టి ఆధారం దొరికింది. భూమి కొత్తగా కరిగి ముద్దలా ఉన్న రోజుల్లో బంగారంలో చాలా భాగం ఇనుముతో కలిసి లోపలి కేంద్రానికి దిగిపోయింది. ఇప్పుడు మనకి అందే పైపొరలో ఉన్నది, తర్వాత పడిన ఉల్కల వల్ల వచ్చిందని ఎక్కువమంది శాస్త్రవేత్తల అభిప్రాయం.

ఈ పైపొరలో సగటున టన్ను రాయికి కొన్ని మిల్లీగ్రాముల బంగారమే ఉంటుంది. మీ ఇంటి పునాది రాయిలో కూడా ఆ కాస్త ఉంటుంది, కాకపోతే తియ్యడానికి అయ్యే ఖర్చుతో ఆస్తులు అమ్ముకోవాలి. భూగర్భ గని గిట్టుబాటు కావాలంటే టన్నుకి కొన్ని గ్రాములుండాలి. అంటే దాదాపు వెయ్యి రెట్లు ఒకచోట పోగుపడాలి. బంగారం ఎలా పుట్టింది అన్నదానికంటే ఎలా పోగుపడింది అన్నదే గని తవ్వేవాళ్ళకి అసలు ప్రశ్న.

అంతలా ఒకచోటికి ఎలా చేరుతుంది?

కొండలు పుట్టేచోట చేరుతుంది. రెండు భూఫలకాలు, అంటే భూమి పైపొరలోని పెద్ద పెద్ద పలకలు, ఢీకొన్నప్పుడు సముద్రపు అడుగున ఉన్న లావా రాళ్ళూ బురదా ముడుచుకుపోయి కిందికి కూరుకుపోతాయి, అక్కడ వేడికి వాటి ఖనిజాల్లో బంధించి ఉన్న నీరు విడుదలవుతుంది. ఆ నీటితో పాటు కార్బన్ డయాక్సైడూ గంధకమూ కూడా వస్తాయి. ఈ గంధకమే కీలకం. మామూలు నీళ్ళలో బంగారం కరగదు, అందుకే మీ ఉంగరం పెట్టుకుని ఎన్నిసార్లు చేతులు కడుక్కున్నా అలాగే ఉంటుంది. కానీ 250 నుంచి 400 డిగ్రీల వేడి, పైన కిలోమీటర్ల కొద్దీ రాతి బరువు, నీళ్ళలో గంధకం, ఇన్నీ కలిస్తే బంగారం గంధకంతో జతకట్టి చాలా కొద్దికొద్దిగా కరుగుతుంది.

ఈ వేడినీళ్ళు పైకి రావడానికి దారి వెతుక్కుంటాయి. ఆ దారి సాధారణంగా భూమిలో లోతుగా దిగిన పెద్ద పగులు, అంటే ఫాల్ట్. పైకి వస్తూ ఎక్కడో ఒకచోట ఒత్తిడి ఒక్కసారిగా తగ్గుతుంది, లేదా ఇనుము ఎక్కువున్న రాయి తగులుతుంది. ఇనుము తగిలితే గంధకం దానితో కలిసి పైరైట్ అనే మెరిసే ఖనిజం అయిపోతుంది, జత పోయిన బంగారం అక్కడే రాలిపోతుంది. నీళ్ళలో కరిగి వచ్చిన సిలికా, అంటే ఇసుకలో ఉండే పదార్థం, కూడా ఆ పగులులోనే గట్టిపడి తెల్లటి పలుగురాయి అవుతుంది. గనుల్లో కనిపించే పలుగు చారలు ఇలా వచ్చినవే. ఇలాంటి నీళ్ళు ఎన్ని వేల ఏళ్ళు ఎంత పారితే ఒక గని తయారవుతుందో ఊహించుకోండి, లీటరుకి మోసుకొచ్చేది మరీ కొంచెం కదా.

భూకంపాలకీ దీనికీ సంబంధం ఉందంటారు, నిజమేనా?

ఉంది. పగులు మూసుకుపోయి ఉన్నప్పుడు కింద నీళ్ళ ఒత్తిడి పెరుగుతూ ఉంటుంది, ఒక స్థాయి దాటాక పగులు జారుతుంది, అదే భూకంపం. జారిన క్షణంలో పగులు తెరుచుకుని ఒత్తిడి పడిపోతుంది, అప్పుడు బంగారమూ సిలికా గోడలకి అంటుకుంటాయి. మళ్ళీ మూసుకుంటుంది, మళ్ళీ ఒత్తిడి పెరుగుతుంది. గనిలో ఒక పలుగు చారని అడ్డంగా కోసి చూస్తే సన్నటి పొరలు పొరలుగా, మధ్యలో పక్కరాయి నల్లటి చెక్కులు చిక్కుకుని కనిపిస్తుంది. ఒక్కో పొరా ఒక్కో కుదుపు గుర్తు. ఆ నీరు భూకంపంలో క్షణంలో ఆవిరైపోయి బంగారాన్ని వదిలేస్తుందని 2013లో ఆస్ట్రేలియా పరిశోధకులు లెక్కకట్టి చూపించారు.

2024లో ఇంకో ఆసక్తికరమైన ప్రతిపాదన వచ్చింది. క్వార్ట్జ్‌ని, అంటే పలుగురాయిని, నొక్కితే అందులో విద్యుత్తు పుడుతుంది, గోడ గడియారాల్లో వాడేది ఆ గుణాన్నే. ఆస్ట్రేలియాలోని మోనాష్ యూనివర్సిటీ బృందం బంగారం కరిగిన ద్రావణంలో క్వార్ట్జ్ ముక్కలు పెట్టి భూకంపం లాంటి కుదుపులిస్తే వాటి మీద బంగారు రేణువులు పేరుకున్నాయి, అప్పటికే బంగారం ఉన్నచోట ఇంకా ఎక్కువ పేరుకున్నాయి. పెద్ద పెద్ద ముద్దలు పలుగులోనే ఎందుకు దొరుకుతాయో దీంతో కొంత అర్థమవుతుందని వాళ్ళ వాదన. ల్యాబ్‌లో జరిగింది కాబట్టి భూమిలోనూ సరిగ్గా అలాగే జరిగిందని ఇప్పుడే ఒట్టు పెట్టుకోనక్కర్లేదు.

మా చేలో పలుగురాళ్ళు బోలెడున్నాయి. బంగారం ఉన్నట్టేనా?

కాదు. నూటికి తొంభై తొమ్మిది పలుగురాళ్ళు ఉత్త పలుగురాళ్ళే.

మెరుస్తోంది కదా మరి?

మెరిసేది చాలావరకు అభ్రకం, అంటే కాకిబంగారం, లేదా పైరైట్. సుత్తితో తట్టండి. పైరైట్ పొడి అవుతుంది, అభ్రకం రేకులుగా ఊడుతుంది, బంగారం మాత్రం నలిగి సాగుతుంది. నీడలోకి తీసుకెళ్ళినా అసలు బంగారం రంగు మారదు, కాకిబంగారం వెలవెలబోతుంది.

కొండలో ఉన్న బంగారం ఏటి ఇసుకలోకి ఎలా వచ్చింది?

కొండ అరిగిపోతుంది, బంగారం అరగదు. వానకీ ఎండకీ చుట్టూ ఉన్న రాయి కుళ్ళి మట్టి అవుతుంది, బంగారానికి తుప్పు లేదు కాబట్టి అలాగే మిగిలి వాగులోకి జారుతుంది. అక్కడ బరువు తన పని తాను చేసుకుపోతుంది. నీటికంటే పలుగు ఇసుక రెండున్నర రెట్ల పైచిలుకు బరువు, బంగారం 19 రెట్లు. బియ్యం గాలించేటప్పుడు నీళ్ళు తిప్పుతూ వంచితే బియ్యం పోయి రాళ్ళు అడుగున మిగుల్తాయి చూడండి, వాగు లక్షల ఏళ్ళుగా చేసేది అదే. ప్రవాహం నెమ్మదించే చోట, వంపు లోపలివైపు, పెద్ద బండ వెనక, అడుగురాయి నెర్రెల్లో బంగారం దిగబడి ఉండిపోతుంది. తోడుగా నల్ల ఇసుక ఉంటుంది, అది మాగ్నటైట్ లాంటి బరువైన ఖనిజాలు. కంసాలి వీధి కాలవ మట్టిని జలగడిగేవాళ్ళని చూసి ఉంటే మీకు ఇదంతా కొత్తగా చెప్పక్కర్లేదు.

ఇలా నీళ్ళు పోగుచేసిన నిల్వని ప్లేసర్ అంటారు. ప్రపంచంలో బంగారం కోసం జనం ఎగబడిన పరుగులు దాదాపు అన్నీ ప్లేసర్లతోనే మొదలయ్యాయి, పారా పళ్ళెం ఉంటే చాలు కాబట్టి.

నీళ్ళు ఇంత చక్కగా వేరుచేస్తే, గ్లేసియర్ ఎందుకు చెయ్యదు?

గ్లేసియర్‌కి బరువూ తేలికా తేడా తెలియదు. ఇంటంత బండనీ పిండిలాంటి ధూళినీ ఒకేలా పట్టుకుని ఈడుస్తుంది, కరిగినప్పుడు అన్నిటినీ కలగాపులగంగా అక్కడే వదిలేస్తుంది. ఆ మిశ్రమాన్ని టిల్ అంటారు. అందులో బంగారం ఉన్నా, ఒక బండి మట్టికి ఒక రవ్వ అన్నట్టు పలచబడిపోయి ఉంటుంది. పైగా లోయ మొత్తాన్ని అడుగుదాకా ఊడ్చుకుపోతుంది కాబట్టి, అంతకుముందు వాగు కోటి ఏళ్ళు కూర్చుని కూడబెట్టిన ప్లేసర్ కూడా పోతుంది.

అందుకే గ్లేసియర్ మట్టిలో డబ్బు రావాలంటే మళ్ళీ నీళ్ళే రావాలి. గ్లేసియర్ కొస నుంచి కరిగి పారే వాగులు టిల్‌ని కడిగి, తేలికవి పట్టుకెళ్ళి, బరువైనవి మిగిల్చినచోట కాస్త పోగవుతుంది.

క్లాండైక్ అంతా మంచే కదా, అక్కడ అంత బంగారం ఎలా?

ఎక్కువమంది పొరపడేది ఇక్కడే. కెనడా యుకాన్‌లోని క్లాండైక్‌లో చలి భయంకరం, నేల ఏడాది పొడుగునా గడ్డకట్టి ఉంటుంది, కానీ గత మంచుయుగాల్లో ఆ బంగారు వాగుల మీదికి హిమఫలకం, అంటే నేలంతా కప్పేసే మందమైన ఐసు పొర, రాలేదు. దక్షిణాన సెయింట్ ఇలియాస్ పర్వతాలు పసిఫిక్ తేమని అడ్డుకున్నాయి. చలి ఉంది, మంచు కురవడానికి తేమ లేదు. కెనడాలో మిగతా చాలా భాగం కిలోమీటర్ల మందం ఐసు కింద నలుగుతుంటే ఇక్కడ మామత్‌లు, అంటే ఆ కాలపు బొచ్చు ఏనుగులు, గడ్డి మేశాయి. 2022 జూన్‌లో యురేకా వాగు దగ్గర బంగారం తవ్వుతున్నవాళ్ళకి చర్మంతో సహా చెడకుండా ఉన్న పిల్ల మామత్ దొరికింది. స్థానిక ట్రోండెక్ హ్వెచిన్ తెగ పెద్దలు దానికి నన్ చో గా అని పేరు పెట్టారు. 30,000 ఏళ్ళకు పైబడినది.

ఐసు రాకపోవడం వల్ల ఏమైందంటే, చుట్టుపక్కల షిస్టు (పొరలు పొరలుగా ఉండే రాయి) కొండల్లోని పలుగు చారల నుంచి రాలిన బంగారం లక్షల ఏళ్ళపాటు ఎవరూ చెదరగొట్టకుండా వాగుల్లోనే ఉండిపోయింది. మొదట పాత నదులు తెల్లటి గులకరాళ్ళ పొరగా పరిచాయి, దాన్ని వైట్ చానెల్ గ్రావెల్ అంటారు. తర్వాత నేల పైకి లేచి, వాగులు ఇంకా లోతుగా కోసుకుని, ఆ పొరలో చాలా భాగాన్ని మళ్ళీ కడిగి కింద ఇంకా చిక్కగా పేర్చాయి. రెండుసార్లు గాలించినట్టు. మిగిలిన పాత పొర ఇప్పుడు కొండల భుజాల మీద మెట్లలాగా ఉంది. 1897లో కొత్తగా వచ్చినవాళ్ళు ఈ కొండల మీద తవ్వుతుంటే, బంగారం వాగులో ఉంటుంది గాని గుట్ట మీద ఉంటుందా అని పాతవాళ్ళు నవ్వారట, తీరా అక్కడ కూడా దొరికింది. ఆ గుట్టకి చీచాకో హిల్ అన్న పేరే మిగిలింది, చీచాకో అంటే అక్కడ కొత్తగా వచ్చినవాడు.

కథ మొదలైంది 1896 ఆగస్టు 16న. స్కూకుమ్ జిమ్, డాసన్ చార్లీ, జార్జ్ కార్మాక్ అనే ముగ్గురికి రాబిట్ క్రీక్‌లో బంగారం కనిపించింది, ఆ వాగు పేరు తర్వాత బొనాంజా అయింది. మొదటి ఇద్దరూ అక్కడి టాగిష్ ప్రజలు. సుమారు లక్షమంది బయల్దేరితే 30,000 నుంచి 40,000 మంది మాత్రమే అక్కడి డాసన్ ఊరు చేరారు, చేరేసరికి మంచి జాగాలన్నీ అయిపోయాయి. తవ్వడం కూడా ఎలాగంటే, చలికాలం రాత్రి కట్టెలు పేర్చి నేల మీద మంట పెట్టేవాళ్ళు, తెల్లారేసరికి కరిగిన ఒక అడుగు మట్టిని తోడి పక్కన పోసేవాళ్ళు, మళ్ళీ మంట. అలా దిగుతూ అడుగురాయి తగిలేదాకా వెళ్ళాలి, బంగారమంతా అక్కడే. పైకి తోడిన గుట్టని కడగాలంటే వసంతంలో నీళ్ళు పారేదాకా ఆగాల్సిందే. అన్ని నెలలు ఆ గుట్టలో ఎంతుందో సరిగ్గా తెలియకుండా కూర్చున్నవాళ్ళ టెన్షన్ ఎలా ఉండేదో.

అయితే ఐసు వచ్చిన ఏ చోటా మంచి బంగారం లేదా?

ఉంది. బ్రిటిష్ కొలంబియాలోని కారిబూ ప్రాంతం పూర్తిగా హిమఫలకం కింద ఉండేది. అక్కడ విలియమ్స్ క్రీక్‌లో 1861లో తవ్విన మొదటివాళ్ళు గట్టి నీలిరంగు బంకమట్టి తగిలేసరికి అదే అడుగురాయి అనుకుని ఆపేశారు. అది గ్లేసియర్ తొక్కి పరిచిన మట్టి. దాన్ని పొడుచుకుని కిందికి దిగినవాళ్ళకి పాత వాగు దొరికింది, బంగారంతో సహా. 1862 ఆగస్టులో బిల్లీ బార్కర్ 52 అడుగుల లోతున బంగారం కొట్టాడు, ఆయన పేరు మీదే బార్కర్‌విల్ ఊరు వెలిసింది. ఇరుకు లోయ కావడం, ఐసు ప్రవాహానికి అడ్డంగా ఉండటం లాంటి కారణాలుంటే ఇలా అడుగున ఉన్నది ఊడ్చుకుపోకుండా బతుకుతుంది.

అలాస్కా నోమ్‌లో జరిగింది ఇంకో రకం. గ్లేసియర్ కొండల్లో బంగారాన్ని గీకి సముద్రం ఒడ్డుదాకా, ఒడ్డు దాటి కూడా తెచ్చి పడేసింది. ఆ పలచని మట్టిని సముద్రపు అలలు వేల ఏళ్ళు కడిగాయి. 1899లో ఉత్త బీచ్ ఇసుకలో బంగారం దొరికేసరికి జనం గుడారాలేసుకుని ఒడ్డంతా నిండిపోయారు. ఇప్పటికీ అక్కడ పడవల మీంచి గొట్టాలతో సముద్రపు అడుగుని పీల్చి కడుగుతారు, చలికాలంలో గడ్డకట్టిన సముద్రానికి కన్నం పెట్టి మరీ దిగుతారు. న్యూజిలాండ్ ఒటాగోలోని షాటోవర్ నది కూడా గ్లేసియర్లు తిరిగిన నేలలోదే, 1862లో అక్కడా పరుగు మొదలైంది.

అమెరికా ఇండియానాలో ఉన్న మా అబ్బాయి వాగులో బంగారం దొరికిందన్నాడు. అక్కడ గనులేమీ లేవే?

గనులు లేవు, బంగారం ఉంది. కెనడా రాళ్ళ నుంచి హిమఫలకం ఈడ్చుకొచ్చినదే అది. బ్రౌన్, మోర్గన్ కౌంటీల వాగుల్లో పిండిలాంటి రజను దొరుకుతుంది, ఎప్పుడో ఒకటి చిన్న వజ్రం దొరికిన సందర్భాలూ ఉన్నాయి. వారాంతం సరదాకి బావుంటుంది. పెట్రోలు ఖర్చు రాదు.

అతిపెద్ద బంగారు ముద్దలు గ్లేసియర్ల దగ్గర దొరికాయా?

వెల్కమ్ స్ట్రేంజర్ అనే సుమారు 72 కిలోల ముద్ద 1869లో ఆస్ట్రేలియా విక్టోరియాలోని మోలియాగుల్ దగ్గర, చెట్టు వేళ్ళ మధ్య, నేలకి అంగుళం పైచిలుకు లోతున దొరికింది. అది మంచుయుగపు గ్లేసియర్లు తిరగని చోటు. నిదానంగా అరిగే పాత నేలలకే ఇలాంటివి మిగుల్తాయి.

గ్లేసియర్ మట్టిని చూసి అసలు గని ఎక్కడుందో కనుక్కోవచ్చా?

కనుక్కోవచ్చు, కెనడా, ఫిన్లాండ్‌లలో ఇది మామూలు పని. గ్లేసియర్ చెదరగొట్టినా, ఒక దిక్కుగా చెదరగొడుతుంది. అడుగురాయి మీద అది గీసిన గీతలు చూస్తే ఏ దిక్కున కదిలిందో తెలుస్తుంది. వరసగా టిల్ శాంపిళ్ళు తీసి, కడిగి, బంగారు రవ్వల్ని మైక్రోస్కోప్ కింద పెడతారు. అంచులు పదునుగా, పగులులో పెరిగిన ఆకారం ఇంకా అలాగే ఉంటే మూలం దగ్గర్లోనే ఉందని లెక్క. అంచులు వంగి మడతపడితే కొంత ప్రయాణం చేసింది. నలిగి గుండ్రంగా బిళ్ళలా అయితే ఎక్కడో దూరాన్నుంచి వచ్చింది. రవ్వలు పెరుగుతూ పోయి హఠాత్తుగా ఆగిపోయిన చోటుకి కాస్త వెనక, అంటే ఐసు వచ్చిన వైపు, డ్రిల్లింగ్ పెడతారు. గ్లేసియర్ చేసిన చెరుపునే దారిగా వాడుకోవడం అన్నమాట.

కోలార్ బంగారానికీ గ్లేసియర్లకీ ఏమైనా లింకుందా?

ఏమీ లేదు. కోలార్ షిస్టు పట్టీ సుమారు 270 కోట్ల ఏళ్ళ నాటిది, పైన చెప్పిన ఫాల్టులూ వేడినీళ్ళ కథే అక్కడిదీ. 1880ల నుంచి 2001 ఫిబ్రవరిలో మూతపడేదాకా దాదాపు 800 టన్నుల బంగారం తీశారు, లోతు 3 కిలోమీటర్లు దాటింది. ఆ పట్టీ దక్షిణపు కొసే చిత్తూరు జిల్లా చిగురుగుంట, బిసానత్తం. శ్రీ సత్యసాయి జిల్లా రామగిరి, కర్నూలు జిల్లా జొన్నగిరి వేరే పట్టీలు, అయినా పుట్టుక అదే రకం. తొలకరి పడగానే జొన్నగిరి, తుగ్గలి చేలల్లో జనం తలవంచుకుని వెతికేది మాత్రం వజ్రాల కోసం, దాన్నీ దీన్నీ కలపకండి.

అసలు మన తెలుగు నేల మీద గ్లేసియర్ ఎప్పుడైనా ఉందా?

ఉంది, నమ్మబుద్ధి కాదు గాని. సుమారు 30 కోట్ల ఏళ్ళ క్రితం మన దేశం గోండ్వానా ఖండంలో భాగంగా దక్షిణ ధ్రువానికి దగ్గర్లో ఉండేది. అప్పటి ఐసు వదిలిన బండలూ మట్టీ కలిసిన పొరని తాల్చీర్ అంటారు, గోదావరి లోయలో అది సింగరేణి బొగ్గు పొరలకి కింద ఉంటుంది. ఆదిలాబాద్‌కి అవతల, మహారాష్ట్ర చంద్రపూర్ జిల్లా ఇరయి దగ్గర సున్నపురాయి మీద ఆ ఐసు గీసిన గీతలు ఇప్పటికీ కనిపిస్తాయి. సింగరేణి నేల కింద గ్లేసియర్ మట్టి ఉందన్న సంగతి ఆ ఊళ్ళ బళ్ళలో పిల్లలకి చెప్పాలనిపిస్తుంది నాకు. అక్కడ బంగారం తవ్వకాలేమీ లేవు.

హిమాలయాల్లో గ్లేసియర్లు బోలెడు కదా, అక్కడ?

సింధు నది పైభాగంలో, లదాఖ్‌లోనూ గిల్గిట్ బాల్టిస్తాన్‌లోనూ, ఇసుక కడిగి రజను తీసే అలవాటు పాతదే. గిల్గిట్ వైపు సోనేవాల్ అనే కుటుంబాలు ఇప్పటికీ నది ఒడ్డునే ఉండి ఇదే పని చేస్తాయి, పాదరసం వాడకం వల్ల వాళ్ళ ఆరోగ్యాలు పాడవుతున్నాయి కూడా. దొరికేది మరీ సన్నది. కొండలు ఇంకా లేస్తూ, వేగంగా కోసుకుపోతూ ఉంటే నది ఒకచోట కుదురుగా కూర్చుని పోగుచెయ్యలేదు.

ఉత్తరప్రదేశ్‌లో 3,000 టన్నుల బంగారం దొరికిందని చదివాను?

2020 ఫిబ్రవరి నాటి సోన్‌భద్ర వార్త. వెంటనే జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా ఖండించింది. వాళ్ళ అంచనా సుమారు 52,800 టన్నుల ముడిరాయి, టన్నుకి 3 గ్రాముల చొప్పున మొత్తం 160 కిలోల బంగారం. ముడిరాయి టన్నులు చెప్తున్నారా, బంగారం టన్నులు చెప్తున్నారా అన్నది ముందు చూసుకోండి, సగం ఫార్వర్డులు అక్కడే తేలిపోతాయి.

గ్లేసియర్లు కరిగిపోతున్నాయి కదా, కింద బంగారం బయటపడుతుందా?

కొన్నిచోట్ల రాయి బయటపడుతుంది, అందులో బంగారం ఉంటే అదీ కనిపిస్తుంది. కానీ కరగకముందే తవ్వేస్తున్నారు. కిర్గిజ్‌స్తాన్‌లో 4,000 మీటర్ల ఎత్తున ఉన్న కుమ్‌తోర్ గనిలో 1997 నుంచి బంగారం తీస్తున్నారు. అడ్డొచ్చిన ఐసుని తవ్వి పక్కన పోశారు, రాతి చెత్తని గ్లేసియర్ మీదే వేశారు, ఆ బరువుకి డేవిడోవ్ గ్లేసియర్ ముందుకి జరగడం వేగం పుంజుకుంది. చిలీ, అర్జెంటీనా సరిహద్దులో పాస్కువా లామా అనే బంగారు గని ప్రాజెక్టు మీద కింద లోయల రైతులు ఏళ్ళ తరబడి గొడవపడ్డారు, వాళ్ళ పొలాలకి నీళ్ళు ఆ గ్లేసియర్ల నుంచే. అర్జెంటీనా 2010లో గ్లేసియర్ల రక్షణకి చట్టం చేసింది, చిలీ వైపు గనిని శాశ్వతంగా మూసెయ్యమని 2020లో అక్కడి పర్యావరణ కోర్టు తీర్పిచ్చింది.